బాసిలియా రంగు

మా ఊరు అసువాలో ఎలిహియో ముప్పై ఏళ్లు మందుల కొట్లో పనిచేశాడు. జ్వరం బిళ్లలకంటే ముఖం తెల్లబరిచే క్రీములే ఎక్కువ అమ్మానని తనే చెప్పేవాడు. "నల్లబడడానికి క్రీమివ్వమని ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదయ్యా" అని నవ్వేవాడు. మా ఊళ్లో అంతే. ఎవరూ నల్లవాళ్లు కారు, అందరూ కాస్త ఎండకి కమిలినవాళ్లే.

కొట్టు మానేసిన ఏడాది రాజధానికి వెళ్లి డిజిటల్ కెమెరా, ఒక పాత కంప్యూటరూ కొనుక్కొచ్చాడు. అరవై దాటాక పట్టిన పిచ్చి అంత తేలిగ్గా వదలదు. డామినో ఆటలో నా జోడీ అతను. ముక్క వేయాల్సిన వేళ లేచిపోయి గోడమీది బల్లిని ఫొటో తీసేవాడు. ఓడిపోతే తిట్లు నాకు. తీసినవన్నీ కంప్యూటర్లో పెట్టి మెరుగులు దిద్దడం ఇంకో సరదా. వెలుతురు పెంచే గీత ఒకటి కనిపెట్టాడు. దాన్ని కుడివైపు లాగితే చాలు, మసక సాయంత్రం కూడా మిట్టమధ్యాహ్నమైపోయేది.

వీధి మూల కొబ్బరి మిఠాయి అమ్మే బాసిలియా మాత్రం కెమెరా కనబడితే పళ్లెం అడ్డం పెట్టుకునేది. "నన్నెందుకయ్యా తీస్తావ్? అసలే నల్లదాన్ని, నీ మిషను మాడిపోద్ది!" ఒకే ఒక్కసారి, తన మాటకు తనే పగలబడి నవ్వుతుండగా నొక్కేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె నిద్రలో పోయింది.

ఆమె పాత ఫొటోలన్నీ ఎప్పుడో తుఫాను నీళ్లలో కొట్టుకుపోయాయి. గుర్తింపు కార్డులో ఒకటుంది గానీ, అది మనిషో మసో తెలియదు. అందుకని కూతురు మిలెదీస్ ఏడ్చుకుంటూ ఎలిహియో దగ్గరికొచ్చింది. బాప్తిస్మంనాడు దాన్ని ఎత్తుకున్నది అతనే, దానికి పద్రినో, అంటే జ్ఞానతండ్రి, అతను.

"పద్రినో, తొమ్మిదో రోజు ప్రార్థనకి అమ్మ బొమ్మ పెద్దది చేయించి పెడతావా? నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు."

ఎలిహియో మనసు పెట్టి చేశాడు, ఆ మాట అనకపోతే పాపం. బాసిలియాకి తను ఇవ్వగల ఆఖరి కానుక అదేననుకున్నాడు. జనం ఏం కోరుకుంటారో కొట్లో నిలబడి జీవితమంతా చూసినవాడాయె. గీతను కుడివైపు లాగాడు. ఇంకాస్త లాగాడు. నచ్చాక, దాచే మీట నొక్కాడు. పాతదాని మీదే దాచమంటావా అని కంప్యూటరు అడిగితే, సరిగా చదవకుండానే సరే అన్నాడు. కెమెరాలోది అంతకుముందే తుడిచేశాడు, సూర్యాస్తమయాలకు చోటు చాలక.

తొమ్మిదో రోజు తెల్లగుడ్డ పరిచిన పీఠం మీద, కొవ్వొత్తుల మధ్య ఆ ఫొటో పెట్టారు. వచ్చినవాళ్లంతా "అబ్బ, ఎంత కళగా ఉందో!" అన్నారు. ఎలిహియో ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం పక్కన నిలబడి ప్రతి పొగడ్తా అందుకుంటున్నాడు.

అంతలో పెరాల్తా కొండల మీది నుంచి బాసిలియా అక్క ఒతీలియా వచ్చింది. ఆచారం ప్రకారం వీధి మొదట్లోనే శోకం ఎత్తుకుంది. "ఓ నా చెల్లీ, నన్నొదిలి ఎట్టా పోయావే!" అంటూ గుమ్మం దాటి, చేతులు చాచుకుని పీఠం దాకా వచ్చి టక్కున ఆగిపోయింది. శోకం గొంతులోనే ఉండిపోయింది.

"ఇదెవరే?"

"అమ్మే పెద్దమ్మా," అంది మిలెదీస్.

"నవ్వు దానిదే. మొహం ఎవరిది?"

ఎలిహియో ముందుకొచ్చాడు. "కాస్త వెలుతురు పెంచానమ్మా. బాగుంటుందని."

"వెలుతురా?" ఒతీలియా అతన్ని ఎగాదిగా చూసింది. "మా అమ్మ ఇచ్చిన రంగయ్యా అది. మురికనుకున్నావా, కడగడానికి?"

కాఫీ కప్పులు అందిస్తున్న చేతులు ఆగిపోయాయి. కళగా ఉందన్నవాళ్లంతా నేలచూపులు చూశారు. నేనూ చూశాను.

మిలెదీస్ మెత్తని పిల్ల. "పోన్లే పెద్దమ్మా, తెలీక చేశాడు. పద్రినో, అసలుది ఉంటుందిగా? అది పట్రా. పక్కవీధి స్టూడియో తెరిచే ఉంది."

అతనితోపాటు నేనూ వాళ్లింటికి వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చుని గీతను ఎడమవైపు లాగాడు. ముఖానికి రంగు తిరిగి రాలేదు, బూడిద కమ్మింది. ఇంకా లాగితే పళ్లు కూడా బూడిదయ్యాయి. ఎక్కడెక్కడో వెతికాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"లేదురా. నా చేతుల్తో నేనే ఆమె మీద సున్నం కొట్టేశాను."

"నువ్వు రావొద్దులే, నేను చెప్తాను," అన్నాను. వినలేదు. సిగ్గుతో చితికిపోతూనే నడిచాడు. ఆ వీధి నాకే అంత పొడుగు అనిపించింది, అతనికి ఎలా ఉందో.

"లేదమ్మా," అన్నాడు మిలెదీస్‌తో. "దాని మీదే దాచేశాను. ఇంకెక్కడా లేదు."

"అంటే ఇంక అమ్మ మొహం..." అని ఆగిపోయిందా పిల్ల. తిట్టినా బాగుండేది.

ఒతీలియా ఫొటో తీసి గోడవైపు తిప్పి పెట్టింది. కుర్చీ లాక్కుని, పీఠం పక్కన, కొవ్వొత్తుల వెలుగు పడేచోట తనే కూర్చుంది. తలమీది గుడ్డ వెనక్కి తోసుకుంది.

"మా ఇద్దరిదీ ఒకటే అచ్చు. నన్ను చూసి ప్రార్థన చేసుకోండి."

ఆడవాళ్లు జపమాలలు తీశారు. మిలెదీస్ రెప్పవేయకుండా పెద్దమ్మ ముఖమే చూస్తోంది.

"నువ్వూ చూడవయ్యా," అంది ఒతీలియా గుమ్మం వైపు తిరిగి. "భయమేముంది? నీ రంగే కదా."

ఎలిహియో తలెత్తలేకపోయాడు.