బుధవారం ఎండ

మా పెద్దమ్మ పోయింది. పోయిన శనివారం పొద్దున్న పళ్లు తోముకుంటూ కళ్లు తిరుగుతున్నాయని కూర్చుంది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆదివారం సమాధి చేసి వచ్చాం. ఇలాంటి రాతల్లో పోయినవాళ్లను శాంతమూర్తులని చెప్పడం రివాజు. ఆవిడ కాదు. ప్రార్థన వేళ తప్ప ఆవిడ నోటికి విశ్రాంతి ఉండేది కాదు.

బెంగాల్లో, ఖిదిర్‌పూర్‌లో రేవుకు దగ్గరగా మాదొక పాత అద్దె మేడ. మూడు కుటుంబాలం. కింద ఉర్దూ మాట్లాడే ఖాలా వాళ్లు. మా పక్కవాటాలో బెంగాలీ మాషీమా. రెండు పిలుపులకీ అర్థం పిన్నమ్మే. మాషీమా భర్త పోయిన దగ్గర్నుంచి నీచు ముట్టదు. పెద్దమ్మకేమో ఎండుచేప లేనిదే ముద్ద దిగదు. పక్కన ఎత్తయిన అపార్టుమెంటు లేచాక మా డాబా మీద తూర్పు మూలకే ఎండ. పెద్దమ్మ చేపలూ, మాషీమా బొరీలూ (మన వడియాల్లాంటివే), ఖాలా చేత్తో చేసే సేమ్యా, అన్నీ ఆ మూలలోనే ఎండాలి. ఇక చూడండి.

"దీదీ, నీ చేపల గాలి నా బొరీల మీదికొస్తోంది."

"గాలికి నేనేటి సెప్తానమ్మా? ఆగమంటే ఆగుతాదేటి?"

ఏళ్ల తరబడి ఇదే గోల. చివరికి వంతులు పెట్టింది పెద్దమ్మే. బుధ, శని మావి. మంగళ, గురు మాషీమావి. సోమ, శుక్ర ఖాలావి. ఆదివారం ఎవరిదీ కాదు, డాబా కడగాలి.

నాకు ఒళ్లు మండింది. సమైక్యత మీద దొరికిన కరపత్రమల్లా చదువుతున్న రోజులవి. వంతులంటే విడదీయడమే కదా? అందరం ఒకే రోజు ఒకే చోట ఎందుకు ఆరబెట్టుకోలేం?

"మనుషుల మధ్య గోడలు కూల్చాలి పెద్దమ్మా" అన్నాను.

"కూల్చు. ముందా గిన్నెలు తోము."

"నేను నిజంగానే అంటున్నాను."

"ఏటే గుంటా, సేప వోసన తగిల్తే ఆ ముసల్ది తలకి పోసుకోవాల. నీ ఐకమత్యం కోసం దాన్ని రోజూ తడవమంటావేటి? ప్రేమ సంగతి ప్రభువు సూసుకుంటాడు. నువ్వు వంతు సూసుకో."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? పోనీ నోటికైనా మర్యాద ఉందా అంటే లేదు. "ఈ బెంగాలోళ్లకి మడెక్కువ" అని బుధవారమంతా సణిగేది. సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని, ఫినాయిలు పోసి, గురువారం బొరీల కోసం ఆ మూలంతా తనే రుద్ది కడిగేది. గౌరవం మనసులో పుట్టాలని నేను చదువుకున్నాను. ఆవిడకది చేతుల్లో ఉండేది, నోట్లో మాత్రం బొత్తిగా లేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. ఇంట్లో మాషీమా ఒక్కతే ఉంది. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మా చేపలన్నీ ఎత్తి మా గుమ్మంలో పడేసి, మా వంశాన్ని తిడుతూ స్నానానికి పోయింది. పెద్దమ్మ వచ్చి, థాంక్స్ మాట అటుంచి, "రెండు సేపలు మట్టిలో పారేసింది సూడు" అంది. మర్నాడు కొత్త సబ్బుబిళ్ల ఒకటి మాషీమా గుమ్మంలో పెట్టి వచ్చింది. మాషీమా దానికీ అలిగింది. నా కరపత్రాల్లో ఈ ఇద్దరికీ చోటు లేదు.

సమాధి చేసి మూడు రోజులే అయింది, ఈ బుధవారం మూడిళ్ల మగపిల్లలు వెదురుబొంగులూ వలా పట్టుకుని డాబా ఎక్కారు. ముందు మా అన్నయ్యే. డాబాని మూడు ముక్కలు చేస్తారట, చీటీలేసి పంచుకుంటారట. ఆవిడ లేకపోయాక వంతులెవరు చూస్తారని వాళ్ల వాదన. ఎండొచ్చే మూల ఒక్కటేరా, కంచె వేస్తే రెండిళ్లు శాశ్వతంగా నీడలో పడతాయి అని నేను గొంతు చించుకున్నాను. ఐక్యత, సహజీవనం, చదివినవన్నీ దులిపాను.

"ఉపన్యాసం ఆపి ఆ తాడు పట్టుకో" అన్నాడు అన్నయ్య.

అప్పుడు మాషీమా మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. తన మనవడి వైపు చూడనైనా లేదు.

"ఇవాళేం వారం?"

"బుధవారం" అన్నాడు అన్నయ్య.

"మరి మీకేం పని? ఇవాళ దీదీది."

"మా పెద్దమ్మదంటే మాదే కదా మాషీమా."

"చేపలు తెచ్చావా?"

"లేదు."

"అయితే దిగు. రేపు నాది, నేనొప్పుకోను. ఎల్లుండి సంగతి ఖాలానడుగు."

బొంగులు దిగిపోయాయి. ఇదొక వాదనా, మీరే చెప్పండి. ఇందులో సిద్ధాంతం ఎక్కడుంది, న్యాయం ఎక్కడుంది? బుధవారమట. ఎవరిదీ కాని ఆదివారం వీళ్లు మళ్లీ ఎక్కుతారు, అప్పుడేం చెబుతుంది? అడుగుదామని వెనక్కి తిరిగాను.

తూర్పు మూల ఖాళీగా ఉంది, నిండా ఎండ. మాషీమా అందులోకి అడుగు పెట్టలేదు. నీడ అంచునే నిలబడి, కొంగు విదిలిస్తూ కాకుల్ని తోలుతోంది. అవి ఎత్తుకుపోవడానికి అక్కడేమీ లేదు.