ముగింపు ముందే అడిగే పెదనాన్న

మా పెదనాన్న పోయిన నెల ఒక గురువారం పొద్దున, కాఫీ గ్లాసు కింద పెట్టి, గోడకి చేరగిలబడి, పోయారు. ఇది మొదటి వాక్యంలోనే చెప్పేశాను. ముగింపు దాచిపెట్టి కథ మొదలుపెట్టడం ఆయన దృష్టిలో మహాపాపం.

నరసాపురం బజార్లో ఆయనది లేసు దారాల కొట్టు. గూఢచారి సినిమాలన్నా, మంచులోనో నడిసముద్రంలోనో చిక్కుకున్నవాడు బతికి బయటపడే సినిమాలన్నా ఆయనకి ప్రాణం. ఉత్కంఠ మాత్రం పడదు. పకోడీ కావాలి, నూనె వద్దు అన్నట్టు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్త సినిమా వస్తే పొద్దునాటకి నన్ను పంపేవారు. డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నాను గనక ఆ పదవికి బజారు మొత్తంలో నాకు పోటీ లేదు. చూసొచ్చి, దారపు ఉండల మధ్య నిలబడి నివేదిక సమర్పించాలి.

"బతికాడా?"

"బతికాడు పెదనాన్నా."

"వాడి స్నేహితుడు?"

"వంతెన మీద పోయాడు. పై ఆఫీసరే పట్టించాడు."

"అనుకున్నాన్రా. అంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు."

"మీరూ అందరితో మర్యాదగానే మాట్లాడతారుగా?"

"అందుకే మీ పెద్దమ్మ నన్ను నమ్మదు."

అప్పుడు మధ్యాహ్నం ఆటకి బయల్దేరేవారు, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని. అన్నీ తెలిసీ నా ముంజేయి పట్టుకునేవారు. గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉండేవి. "గూఢచారి అన్నం తినగా చూశావా ఎప్పుడైనా? ఖాళీ కడుపుతో అంత పరుగేంట్రా!" అని పైకే అనేవారు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. ఆయన పక్కన కూర్చోబట్టే నాకూ ఒకటి తెలిసింది. ఈ సినిమాల్లో పేలుళ్ళకి ఎవరూ భయపడరు. సీసాలో నీళ్ళు ఎంత మిగిలాయో మనిషి పైకెత్తి చూసుకుంటాడే, అక్కడ గుండె జారుతుంది.

"ముందే తెలిసిపోతే ఇంకేం చూస్తారండీ?" అనడిగాను ఒకసారి.

"పోయేవాడు పోతాడని తెలిస్తే, ఉన్నంతసేపూ వాణ్ణి సరిగ్గా చూసుకుంటాంరా. తెలియకపోతే కళ్ళు మూసుకునే కూర్చుంటాం."

ఒక్కసారి అబద్ధం చెప్పాను. మంచుకొండల సినిమా. కుక్క చచ్చిపోతుంది. "కుక్క భేషుగ్గా ఉంది పెదనాన్నా" అన్నాను, ఆయన మొహం ఎలా ఉంటుందో చూద్దామని. చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ తరవాత ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ ఏడు ఆయనకి దగ్గు పట్టుకుని వదల్లేదు. రాజమండ్రిలో స్కానింగ్ చేయించాం. రిపోర్టు తేవడానికి నేనూ, ఆయన కొడుకైన మా అన్నయ్యా వెళ్ళాం. డాక్టరు గారు నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడారు. అంత మర్యాద చూసి నాకప్పుడే అర్థమైపోయింది.

"నాన్నకి చెప్పకు. వింటే అక్కడే పోతారు. నిమ్ము అనుకున్నాం, నిమ్ము అనే చెప్పు" అన్నాడు అన్నయ్య దారంతా.

నిమ్ము అంటే ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరడం. మందులతో తగ్గేది. ఆ రోజునుంచీ మా ఇల్లు గూఢచారి సినిమా అయిపోయింది. రిపోర్టు బియ్యం డబ్బాలో. ఫోన్లు పెరట్లో. పెద్దమ్మ నవ్వుతూ వడ్డించి, వంటింట్లోకెళ్ళి ఏడ్చేది. అందరూ గూఢచారులే, ఒక్కరికీ నటన రాదు.

మూడో రోజు పెదనాన్న నన్ను కొట్టుకి పిలిచారు. గిరాకీ లేదు. తెల్లదారం ఉండ చుడుతున్నారు.

"పొద్దునాట చూసొచ్చావుగా. చెప్పు."

నిమ్ము అనడానికి నోరు తెరిచాను. మంచుకొండల సినిమా నాటి ఆయన మొహం కళ్ళముందు నిలబడింది. అన్నయ్య మాటా చెవిలోనే ఉంది. విని ఇక్కడే పడిపోతే?

"తగ్గేది కాదన్నారు పెదనాన్నా."

ఉండ చుట్టడం ఆగలేదు. "ఎన్నాళ్ళు?"

"నెలలే. మూడో, నాలుగో."

కొస దోపి, ఉండని అరలో పెట్టారు. పడిపోలేదు. "మీ అన్నయ్యని ఏమీ అనకు, పిచ్చివెధవ, భయపడుతున్నాడు" అన్నారు.

ఆయన రెండు నెలలకే పోయారు. "నువ్వు చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేవారు" అని అన్నయ్య పదోరోజున అందరిలోనూ అన్నాడు. అప్పట్నించీ నాతో మాట్లాడ్డం లేదు. ఏమో, వాడన్నదే నిజమేమో! అన్నం కలుపుకుంటుండగా ఉన్నట్టుండి ఆ మాట గుర్తొస్తుంది. దీనికి ముగింపు ముందెళ్ళి చూసొచ్చి చెప్పేవాళ్ళు నాకెవరూ లేరు.

నాకు తెలిసింది ఒక్కటే. కొట్లో నేను నిజం చెప్పిన ఆ రోజు పదకొండింటికే ఆయన కొట్టు మూసి, "పద, రేవుకి" అన్నారు. గోదావరి దాటించే పంటు ఎక్కాం. అవతల పనేమీ లేదు. మోటార్‌సైకిళ్ళ మధ్యనుంచి తోసుకుంటూ ముందు కొసకెళ్ళి నిలబడ్డారు. సముద్రం వైపునుంచి గాలికి చొక్కా బుడగలా ఉబ్బింది. పక్కన ఒకావిడ బుట్టలోంచి జామకాయ తీసిస్తే చొక్కాకి తుడుచుకుని కొరికారు. పంటు అవతలి ఒడ్డుకి తగిలి అందరూ దిగిపోతున్నా, ఆయన ఇంకా నములుతూ, నీళ్ళకేసే చూస్తున్నారు, కళ్ళు పెద్దవి చేసుకుని.