ముందు అందరూ హాజరే

పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీ టైమాఫీసులో పద్నాలుగేళ్లు నా పని ఒక్కటే. గేటు దగ్గరి రిజిస్టరు ముందు పెట్టుకుని, నిన్న ఎవరొచ్చారో ఎవరు రాలేదో కంప్యూటర్లో ఎక్కించడం. దానికి నాదొక పద్ధతి ఉండేది. ముందు అందరికీ వరసగా హాజరు వేసేసేవాణ్ని, తర్వాత సంతకం లేనివాళ్లను వెతికి గైర్హాజరు పెట్టేవాణ్ని. అలవాటైన చెయ్యి, కళ్లతో పని ఉండేది కాదు.

పద్నాలుగో ఏట గేటు దగ్గర ముఖం గుర్తుపట్టే మెషీన్ బిగించారు. హాజరు దానంతట అదే కంప్యూటర్లోకి ఎక్కేలా హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ ఒక ప్రోగ్రాం రాసింది. మీ చాకిరీ తగ్గుతుంది అంకుల్ అంది. చాకిరీ తగ్గితే నన్నెందుకు ఉంచుకుంటారు? పొమ్మనలేక పొగ పెడుతున్నారనిపించింది. మేనేజరు మాత్రం, నెల రోజులు మీరూ ఎక్కించండి, మెషీనూ ఎక్కిస్తుంది, అది తప్పు చేస్తే తీసేద్దాం, చేయకపోతే మీరు స్టోర్సుకు మారండి అన్నాడు. స్టోర్సంటే రోజంతా నిలబడటం. నా మోకాళ్ల సంగతి ఆయనకు తెలుసు.

ఆ నెలంతా మెషీన్‌ను దొంగను కాసినట్టు కాశాను. ఇంజనీరమ్మ మేనేజరు గదిలోకి పోతే నా గురించేననుకునేవాణ్ని. ఒకసారి ఆమె నా కుర్చీలో కూర్చుందని పాస్‌వర్డు మార్చాను. మూడో వారంలో దొరికింది. హత్నూర నుంచి వచ్చే ప్యాకింగు కార్మికుడొకడికి సోమవారం నేను వేసింది హాజరు, మెషీన్ వేసింది గైర్హాజరు. ఏనాడూ నాగా పెట్టని మనిషి. రిజిస్టరు తెరిచి చూడాలని కూడా తోచలేదు నాకు. మెషీన్ మనిషిని గుర్తుపట్టలేదని కాగితం రాసి ఇచ్చేశాను. అతన్నే పిలవండి, అడుగుదాం అన్నాడు మేనేజరు. ఈల వేసుకుంటూ నేనే వెళ్లాను.

తీసుకొస్తూ దారిలో విషయం చెప్పగానే అతను నడక ఆపాడు.

"సోమారం నేను రాలె సార్. మా ఇంటామెకు కాన్పయింది. దవఖాన కెళ్లి మీకే ఫోన్ జేసి చెప్పిన గద."

నమ్మలేదు. ఇంజనీరమ్మే ఇతనికి నేర్పిందేమోనని కూడా అనుకున్నాను. టైమాఫీసుకు తీసుకొచ్చి రిజిస్టరు తెరిస్తే, అతని పేరు ఎదుట సంతకం లేదు. అతని ఫోనూ అప్పుడే గుర్తొచ్చింది. అందరికీ హాజరు వేసి, ఇతన్ని మార్చడం మరిచిపోయాను. కాగితం ఇచ్చేశానని, ఇక నాకు స్టోర్సేనని అతనితో అన్నాను. ఎందుకన్నానో మరి.

"వచ్చిన అనే చెప్త తియ్యిండ్రి సార్. గిన్నేండ్లు కూసున్న కుర్సీ ఊకెనే పోతదా ఏంది?"

అబద్ధం బయటపడితే అతని ఉద్యోగం ఆ పూటకే పోతుంది, కాంట్రాక్టు మనిషి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాకు సిగ్గేసింది, కానీ వెంటనే వద్దనలేదు. మేనేజరు గది తలుపు దాకా అతని పక్కనే నడిచాను. అక్కడ నిలబడ్డాక గాని, ఎవరు పుట్టారని అడగలేదు.

ఆడపిల్ల అన్నాడు. నవ్వాడు.

పనికి పొమ్మని పంపేసి, ఒక్కణ్నే లోపలికి వెళ్లాను. మెషీన్ సరిగ్గానే వేసింది, తప్పు నాదని చెప్పి కాగితం వెనక్కి తీసుకున్నాను. కుర్చీకి తిరిగొచ్చి అతనికి సోమవారం గైర్హాజరు వేశాను. టైమాఫీసులో నా చేత్తో వేసిన ఆఖరి గైర్హాజరు అదే.