రాజులు కాబోయి నడక మానేశారు

పశ్చిమాఫ్రికాలోని కితా ఊరి బడిలో నాన్యుమా టీచరమ్మ ముప్పయ్యేళ్ళుగా చిన్నపిల్లలకు పూర్వపు వీరుల కథలు చెబుతోంది. ఆ రోజు, మాలి రాజ్యాన్ని స్థాపించిన సుంజాత చిన్నప్పుడు ఏళ్ళ తరబడి నడవలేకపోయాడని చెప్పేసరికి గంట కొట్టారు. కథ అక్కడే ఆగింది.

మర్నాడు, టీచరమ్మకు వేళాకోళం వరసైన ఫూనే అవ్వ మనవణ్ణి వీపున మోసుకొచ్చి, ఆ వరసవాళ్ళ మామూలు తిట్టుతో పలకరించింది. “ఏమే బొబ్బర్లు తినేదానా! వీడు రాజవుతాడట, అందుకని నడవడట! నా నడుం విరిగింది!” వెనకాలే తొమ్మిదిమంది తల్లులు, వాళ్ళ వీపుల మీద తొమ్మిదిమంది కాబోయే రాజులు.

“దించు అవ్వా, నీ రాజుగారిని,” అంటూ టీచరమ్మ నవ్వాపుకుని మిగతా కథ అందుకుంది. “కూరకు బావోబాబ్ ఆకు కోసి తెచ్చే కొడుకైనా లేడని వాళ్ళమ్మను ఎవరో ఎగతాళి చేస్తే సుంజాత లేచి నిలబడ్డాడు. ఏనుగంత లావు బావోబాబ్ చెట్టును వేళ్ళతో సహా పెకలించి తెచ్చి ఆవిడ గుమ్మంలో పడేశాడు!”

పిల్లలంతా చటుక్కున లేచి నిలబడ్డారు.

సాయంత్రం అవ్వ మళ్ళీ వచ్చింది, తన పెరట్లోంచి వేళ్ళతో సహా పెకలించిన బెండ మొక్కలు చేతినిండా పట్టుకుని. “రేపు చెప్పబోయే కథేదో ముందు నాకు చెప్పవే తల్లీ!” అంది.