కృపారాణి వేళ్లకు తెలిసిన పాటలు

ముప్పై ఏళ్లు కంప్యూటర్‌తోనే బతికినా కృపారాణికి దాని మీద భయభక్తులు తగ్గలేదు. తెనాలి ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా వేల శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు కొట్టిన మనిషి. అయినా మీట నొక్కగానే తెర మీద ‘అ’ పడితే, మొదటిరోజు చూసినట్టే చూసేది. పని మానేశాక రేపల్లెలో ఇంటికి ఒక పాత కంప్యూటర్ తెచ్చుకుని, రోజూ తుడిచి గుడ్డ కప్పేది. పక్కింటి కమలమ్మ ఊరుకుంటుందా? “మీ అమ్మకైనా ఇంత జాగ్రత్తగా దుప్పటి కప్పుతున్నావా?” అని ఆటపట్టించేది.

నిజానికి ఆ గుడ్డ కింద ఉన్నది అమ్మే. తల్లి వరమ్మకు అక్షరం ముక్క రాదు. అమృతలూరు చేలల్లో నాట్లు వేస్తూ సొంతంగా పాటలు కట్టేది. అలాంటివి నూటపన్నెండు. ఆమె పాడుతుంటే కృపారాణి ఆదివారాలు కూర్చుని అన్నీ ఆ కంప్యూటర్లో కొట్టిపెట్టింది. కాగితం మీదకి మాత్రం తీయలేదు. ప్రెస్సు మనిషి కదా, కాగితం ఎప్పుడైనా తీయొచ్చని ధీమా. ఇప్పుడు వరమ్మకు ఎనభై నాలుగు. రెండేళ్లలో ఒక్కో పాటా మరిచిపోతూ వచ్చి, చివరికి తను పాటలు కట్టేదాన్నన్న సంగతే మరిచిపోయింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ కూడా మొండికేసింది.

తెనాలిలో కంప్యూటర్ల షాపు గిరిబాబు దాన్ని విప్పి చూసి, ఫైళ్లు పెన్‌డ్రైవులోకి తీసిచ్చాడు.

“ఇది ఇక లేవదక్కా. పాత విండోసుదే ఇంకోటి, సెకండ్ హ్యాండుది ఉంది నా దగ్గర. మీ ప్రెస్సు సాఫ్ట్‌వేర్ అందులో ఆడుద్ది. కాకపోతే అదీ ముసలిదే, ఎన్నాళ్లుంటదో చెప్పలేను. కొత్తది కొంటే మాత్రం మీ పాత సరుకు ఆడదు.”

కృపారాణి రెండూ బేరీజు వేసుకుంది. పాతది కొంటే పాటలు కనిపిస్తాయి, అది పోయిన రోజున పోతాయి. కొత్తదాంట్లో అసలు కనిపిస్తాయో లేదో. “ఆలోచించుకుని చెప్తా తమ్ముడూ” అని బాపట్ల రైలెక్కింది. అక్కడ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ప్రసూన ఉంది. ఆ అమ్మాయి పెళ్లి శుభలేఖ కొట్టింది కృపారాణే.

“ఇది లినక్సు ఆంటీ. విండోసు లాంటిదే, కానీ ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు, తెలుగు ఇందులోనే ఉంటుంది” అంటూ ప్రసూన పెన్‌డ్రైవు పెట్టింది. తెర నిండా పిచ్చి ఇంగ్లీషు గుర్తులు.

కృపారాణి నెత్తి కొట్టుకుంది. “ఫైలొక్కటే తెస్తే ఎలాగండీ, ఫాంటు కూడా తేవాలి” అని ముప్పై ఏళ్లుగా ఎంతమందిని వెనక్కి పంపిందో. అలాంటిది కన్నతల్లి పాటలకే ఫాంటు తెచ్చుకోవడం మరిచింది. పాత ప్రెస్సుల్లో పద్ధతి అంతే. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు చొక్కా తొడుగుతుంది.

“ఫాంటు లేకపోయినా పర్లేదు ఆంటీ. ఏ గుర్తు ఏ అక్షరమో తెలిస్తే అసలైన తెలుగులోకి మార్చేయొచ్చు. కానీ ఈ ఫాంటు సంగతి ఎక్కడా దొరకట్లేదు.”

కృపారాణి తెర వంక చూస్తూ చేతులు బల్ల మీద పెట్టింది. ఒక్కో గుర్తుకూ ఏ మీట నొక్కేదో, ఆ వరసలో వేళ్లు వాటంతటవే కదిలాయి. పెదాలు కూడా కదిలాయి.

“వరి నాటే చేతికి వానొచ్చి గాజులేసె...”

ప్రసూన ఆమె వేళ్ల వంక చూసింది. “ఆ గుర్తులు మీరెలా చదువుతున్నారు?” అంది.

“నేను కాదమ్మా. వేళ్లు.”

సాయంత్రం దాకా ఒక్కో గుర్తూ నొక్కి, అది ఏ అక్షరమో చెబితే ప్రసూన పట్టిక రాసుకుంది. చివరికి ఒక మీట నొక్కింది. రెప్పపాటులో నూటపన్నెండు పాటలూ తెలుగులో నిలబడ్డాయి. ఇక ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటాయట. ‘వాన’ అని వెతికితే ముప్పైఒక్క పాటలు వచ్చి వరసలో నిలిచాయి. అమ్మ జీవితంలో ఇంత వాన కురిసిందా అని కృపారాణి ఆశ్చర్యపోయింది. చేతులు జోడించబోయి, ఎవరికో తెలియక ఆగింది.

వారం తిరిగేసరికి గిరిబాబు కొత్త కంప్యూటర్ అమర్చి లినక్సు పెట్టిచ్చాడు. రాసింది పైకి చదివే ఏర్పాటు కూడా అందులో ఉంది. కృపారాణి మొదటి పాట తెరిచి, చదవమని నొక్కింది.

మంచం మీద వరమ్మ తల తిప్పింది. “ఎవరే అది, పాటను అట్టా అప్పజెప్తంది?”

“కంప్యూటరమ్మా.”

“పాడమను.”

“దానికి పాడటం రాదు.”

వరమ్మ జాలిగా చూసింది. గొంతు సవరించుకుని అదే పాట ఎత్తుకుంది. ఒక చరణం, రెండో చరణం. మూడోది కూడా పాడింది. ఫైల్లో ఉన్నవి రెండే. కృపారాణి తెర వదిలి అమ్మ వైపు తిరిగింది. ఇన్నాళ్లూ యంత్రాన్ని చూసి అబ్బురపడింది గానీ, ఈ మనిషిని ఎప్పుడు సరిగ్గా చూసింది?

గబగబా కీబోర్డు ముందుకు లాక్కుంది. కొత్తదాంట్లో తెలుగు మీటల వరసే వేరు. ముప్పై ఏళ్ల వేళ్లకు ఏదీ తెలియదు. ఒక్క వేలితో ‘వ’ ఎక్కడుందో వెతకసాగింది.

“ఉండమ్మా. మళ్లీ అను.”

వరమ్మ విసుక్కోకుండా మళ్లీ పాడింది.