బిల్లుకెక్కిన కొసరు

ముందు చప్పుడు వినిపిస్తుంది. సర్ర్... సర్ర్... కాస్త ఆగి, మళ్లీ సర్ర్. ఎండిన కొబ్బరాకును ఎవరో ఇసుక మీద ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది. భోగాపురం దాటాక సముద్రం వైపు తిరిగే మలుపులో, సరుగుడు చెట్ల సన్నని నీడలో, ఆ చప్పుడు వెనకాల కాసేపటికి మనిషి కనిపిస్తుంది. కత్తిపీటను కాలికింద అదిమిపెట్టి, చేప పొలుసు గీరుతూ జగ్గమ్మ.

మోచేతుల దాకా అంటుకున్న పొలుసులు ఎండ తగిలినప్పుడల్లా మెరుస్తాయి. ఎంత రుద్ది కడిగినా ఒకటో రెండో ఆమెతో పాటు ఇంటికి వెళ్తాయి. "మా ఇంటికి కరెంటు దండగ, దీని సెయ్యి సాలు" అని భర్త గంగరాజు వచ్చినవాళ్లకల్లా చెబుతుంటాడు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. కోడలిగా వచ్చిన మొదటి ఏడాదే అత్త ఈశ్వరి ఆమె నెత్తిన గంప పెట్టింది. గంపతో పాటు ఒక మాట కూడా పెట్టింది: "తూకం తక్కెడ ఇత్తాది. కొసరు మనిసి ఇత్తాది. తక్కెడ్ని ఎవులూ గుర్తెట్టుకోరే."

అందుకని జగ్గమ్మ రోజూ పొద్దున్నే పడవ దగ్గర చేపలు తీసుకోగానే నాలుగు గుప్పెళ్ల కవళ్లు విడిగా తీసి తాటాకు బుట్టలో వేసుకుంటుంది. కవళ్లంటే వేలెడంత చిన్న చేపలు, పెద్ద ధర పలికేవి కావు. ఆ బుట్ట అమ్మకానికి కాదు. గంపంతా ఖాళీ అయిపోయి, ఎవరైనా వచ్చి ఆ కవళ్లయినా ఇమ్మని నోట్లు చూపించినా ఇవ్వదు. బేరం తెగి, తూకం అయి, డబ్బు చేతులు మారాక, కొన్నవాళ్లు ఇక వెళ్లబోతుండగా, ఆ బుట్టలోంచి ఒక గుప్పెడు వాళ్ల సంచీలో పడుతుంది. అడిగినా పడుతుంది, అడగకపోయినా పడుతుంది. అలలు వచ్చి వెళ్లాక ఒడ్డున కాస్త నురగ మిగిలినట్టు, ప్రతి బేరం చివరా అది మిగలాలి. మిగలకపోతే ఆ బేరం పూర్తయినట్టు ఆమెకు అనిపించదు.

ముప్పై ఏడేళ్లు ఆమె గంప నెత్తిన పెట్టుకుని విజయనగరం బస్సెక్కింది. నీళ్లు కారుతున్నాయని కండక్టర్లు విసుక్కున్నారు. చేపవాసనకు పక్కసీటువాళ్లు లేచి వెళ్లారు. ఒక్కొక్క మెట్టూ ఎక్కిన లెక్క మోకాళ్లలో మిగిలింది. విమానాశ్రయం వస్తోందన్న కబురుతో ఈ చుట్టుపక్కల నేల ధరలు గాలిలోకి లేచాయి. సరుగుడు తోటల స్థానంలో గోడలు, గోడల లోపల పచ్చగడ్డి మొలిచాయి. అలా మొలిచిందే నీలికెరటం రిసార్టు.

దాని మేనేజరు మురళీమోహన్ ఒకరోజు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. పొద్దున వంటింటికి చేప తెచ్చి ఇవ్వాలి. సాయంత్రం పచ్చగడ్డి మీద, దీపాల కింద, గంప ముందు పెట్టుకుని కూర్చోవాలి. అతిథులు వేలు చూపించిన చేపను వాళ్ల కళ్లముందే కోసి వంటవాడికి అందించాలి. ఇంటి నుంచి పది నిమిషాల నడక, బస్సెక్కే పని లేదు. గంప కూడా రిసార్టు వ్యాను తీసుకెళ్తుంది. ముప్పై ఏడేళ్ల బరువు ఆమె మెడ మీంచి దిగింది. మొదటి వారం రోజులూ ఆ మెడను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, కొత్తగా కొనుక్కున్న వస్తువులాగా.

రిసార్టు గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది. జగ్గమ్మకు చదువు రాదు. రిసెప్షన్‌లో కూర్చునే ఉష ఆమె ఊరి పిల్లే, అన్న కూతురు వరస. ఉషే చదివి వినిపించింది.

"రెండు రాత్రులు, మూడు పగళ్లు. గది, తిండి, సముద్రం. అన్నీ కలిపి ఒకటే ధర అత్తా."

"సముద్రాన్ని కూడా కలిపేసినారేటే! ఈళ్ల తాత తవ్వించినాడా?"

ఉష నవ్వింది. తర్వాత కొన్నాళ్లకు జగ్గమ్మకు అర్థమైంది, కలిపినవాటి కన్నా కలపనివి ఎక్కువని. సముద్రం కలిసిందే, ఒడ్డున వేసిన కుర్చీ కలవలేదు. గది కలిసిందే, తొమ్మిది దాటాక వేడినీళ్లు కలవలేదు. మొదటి కాఫీ కలిసింది, రెండోది కలవలేదు. ఇవన్నీ బోర్డు కింద చీమల బారులాంటి అక్షరాల్లో రాసి ఉన్నాయట. జగ్గమ్మ అదేమీ తనకు పట్టని సంగతి అనుకుంది. తన పని చేప, తన మాట చేప వరకే.

ఆ మాట కూడా అక్కడ చెల్లదని ఆమెకు తెలియజేసినవాళ్లు నెల్లిమర్ల నుంచి వచ్చిన దంపతులు.

నరసింగరావు జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య లక్ష్మణమ్మకు చిన్నప్పటిలా సముద్రం పక్కన మళ్లీ ఒక్కరోజైనా నిద్రలేవాలని కోరిక. సముద్రం ఇంత దగ్గరే అయినా పెళ్లయ్యాక ఎప్పుడు వచ్చినా సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవడమే తప్ప ఆమె ఒక్క రాత్రీ ఉండలేదు. అందుకని వచ్చారు. రెండో సాయంత్రం పచ్చగడ్డి మీద జగ్గమ్మ గంప ముందు లక్ష్మణమ్మ పీట వేసుకున్నట్టే గొంతుక్కూర్చుంది. ఎర్రగా ఉన్న మొప్పలు ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, కోనం చేప ఒకటి తీసింది.

"సేప సూడ్డం వచ్చు నీకు తల్లీ" అంది జగ్గమ్మ.

"మాది నెల్లిమర్లే గానీ, పుట్టిల్లు కోనాడ ఒడ్డు" అంది లక్ష్మణమ్మ.

అంతే, ఇద్దరికీ మాటలు కుదిరాయి. కోనం కోసి ఇచ్చాక జగ్గమ్మ తాటాకు బుట్టలోంచి రెండు గుప్పెళ్ల కవళ్లు తీసి వంటవాడి పళ్లెంలో వేసింది. "ఇయి కొసరు. కరకర ఏయించి ఈయమ్మకి పెట్టు" అని చెప్పింది. చిన్నప్పటి రుచి నోట్లోకి వచ్చిందేమో, లక్ష్మణమ్మ ముళ్లు కూడా మిగలకుండా తిన్నది.

మర్నాడు పొద్దున జగ్గమ్మ వంటింట్లో చేప దింపి బయటికి వస్తుంటే రిసెప్షన్ దగ్గర నరసింగరావు నిలబడి ఉన్నాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంటున్నాడు, మళ్లీ తీసి తుడుస్తున్నాడు. లక్ష్మణమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఉష తల వంచుకుని బిల్లు చదువుతోంది. కుర్చీలు, గొడుగు, వేడినీళ్లు, కాఫీలు, దీపాల కింద భోజనం.

"ప్రతిదానికీ అడిగినానమ్మా, ఇది ప్యాకేజీలోదేనా అని" అంటున్నాడు నరసింగరావు. "నవ్వి ఊరుకున్నారు. నవ్వితే ఔననుకున్నాను."

అతని గొంతులో కోపం లేదు. మోసపోయినందుకు తనే సిగ్గుపడుతున్నాడు. ఉష చివరి వరస చదివింది: "స్పెషల్ ఫిష్ ఫ్రై, కవళ్లు, ఒక ప్లేటు."

లక్ష్మణమ్మ తలెత్తింది. "అయి కొసరని సెప్పింది కదండీ ఆవిడ?"

"సెప్పింది. ఇక్కడ కొసరుక్కూడా ధరుంటాదని మనకేటి తెలుసు. పోనీలే, తిన్నాం కదా" అన్నాడు నరసింగరావు జేబులో చెయ్యి పెడుతూ.

జగ్గమ్మ అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏడేళ్లలో ఆమెను చాలామంది చాలా మాటలన్నారు. తూకం తక్కువన్నారు, చేప నిన్నటిదన్నారు. ఎదురు తిట్టి నవ్వేసింది. కానీ ఇచ్చి మళ్లీ తీసుకుందని ఎవరూ అనలేదు. ఇప్పుడు ఇతను కూడా అనలేదు. అనకుండా ఊరుకుని డబ్బు కట్టబోతున్నాడు. అది ఇంకా లోతుగా దిగింది.

"సెయ్యి బయటికి తియ్యండి బాబూ" అంది. తర్వాత మేనేజరు గది వైపు తిరిగి పిలిచింది. "ఓ మురళీబాబూ! ఇలా రా ఒకసారి."

మురళీమోహన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట, పైన యజమానులకు రోజూ జవాబు చెప్పుకునే మనిషి.

"ఆ కవళ్లు నువ్వు నా దగ్గర కొన్నావేటి?" అని అడిగింది జగ్గమ్మ.

"ఏ కవళ్లు?"

"ఈయమ్మ తిన్నయి. నీ తూకంలో ఎప్పుడైనా కవళ్లు పడ్డాయా? నువ్వు కొననిది నువ్వెలా అమ్మినావు?"

మురళీమోహన్ ఒక్కక్షణం ఆలోచించాడు. "నూనె మాది, మసాలా మాది, వండినవాడు మావాడు. టేబుల్ మీదికి ఏది వచ్చినా సిస్టమ్‌లో పడాల్సిందే జగ్గమ్మా."

"నూనికెంతో సెప్పు. నాకిచ్చేదాంట్లో కోసుకో. మసాలాకీ కోసుకో. నా కొసరుకి మాత్రం ధర కట్టకు. మా అత్త పైనుంచి సూత్తే గంప దించేత్తాది."

ఉష పెదవి కొరుక్కుంది. అక్కడున్న ఇద్దరు పనివాళ్లు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. మురళీమోహన్ కూడా నవ్వబోయి ఆగాడు. గొంతు తగ్గించాడు.

"సరే, ఆ ఒక్కటీ కొట్టేయిస్తాను. కానీ ఇవాళ్టితో ఆఖరు. రేపటి నుంచి కొసరు, గిసరు వద్దు. నువ్వు ఊరికే ఇస్తే అందరూ అన్నీ ఊరికే అనుకుంటారు. రూలు కుదిరితే గంప లోపలికి తెచ్చుకో. లేదంటే నరసన్నపేట నుంచి తెప్పించుకుంటాను."

ముందు జగ్గమ్మ మోకాళ్లు ఆ మాట విన్నాయి. బస్సు మెట్లు గుర్తొచ్చాయి. వర్షాకాలంలో జారే మూడో మెట్టు, నెత్తిన కారే ఉప్పునీళ్లు, కండక్టరు ఈల. బయట సముద్రం ఎప్పటిలాగే ఇస్తూ తీసుకుంటూ ఉంది. ఉష చేతిలో పెన్ను ఆ వరస మీద ఆగి ఉంది.

"కొట్టెయ్యే గుంటా" అంది చివరికి. ఉష గీత గీసింది. ఆ గీత బిల్లులో ఈ చివర నుంచి ఆ చివరకు పడ్డాక జగ్గమ్మ ఖాళీ గంప ఎత్తుకుంది. "రేపటి కాణ్నుంచి నరసన్నపేట సేప తినిపించు బాబూ. కొసరు లేని సేప నా సేతిలో ఆగదు."

మిగతా బిల్లంతా నరసింగరావు కట్టాడు. కుర్చీలు, కాఫీలు, అన్నీ. వాటి గురించి జగ్గమ్మ చెయ్యగలిగింది లేదు. గేటు బయట ఆటో కోసం నిలబడ్డ లక్ష్మణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పొలుసులు అంటుకుంటాయని వెనక్కి లాక్కున్నా వదల్లేదు.

"మావల్ల నీ పని పోయింది అప్పా."

"మీవల్లేటి తల్లీ. కవళ్ల వల్ల" అంది జగ్గమ్మ. "బాగున్నాయా?"

"మా అమ్మ ఏయించినట్టున్నాయి."

ఇంటికి చేరేసరికి గంగరాజు గడపలో వల బాగుచేసుకుంటున్నాడు. "ఏటే, వ్యాను రానేదేటి? గంప నువ్వే మోసుకొచ్చినావు?" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. వల పక్కనపెట్టి లోపలికి వెళ్లాడు. పాతచీర ఒకటి తెచ్చి, మధ్యకు చింపి, గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టాడు. నెత్తిమీద గంప కింద పెట్టుకునే చుట్టకుదురు అది. గట్టిగా, ఎక్కడా ముడి తగలకుండా చుట్టి, తన నెత్తిన పెట్టి చూసుకుని, ఆమె చేతికిచ్చాడు.

"మా యమ్మ ఉంటే తిట్టును నిన్ను."

"ఏల?"

"బిల్లు సించకుండా గీత గీయించి వచ్చినావని."

ఆ చుట్టకుదురుతోనే ఆమె మళ్లీ కొన్నాళ్లు బస్సెక్కింది. తర్వాత గంపను ఈ మలుపులో దించింది. రిసార్టుకు వెళ్లే ప్రతి కారూ ఇక్కడ వేగం తగ్గించాల్సిందే. చేపకని ఆగినవాళ్లు కబుర్లలో దిగుతారు. లోపల ఏది ఊరికే, ఏది కాదు అని అడుగుతారు. ఆమె కత్తిపీట మీంచి కళ్లెత్తకుండా చెప్పుకుపోతుంది: "ఇసక ఊరికే, కుర్చీ కాదు. గాలి ఊరికే, గొడుగు కాదు. నీళ్లు పొద్దున్నే పోసేసుకోండి. కాఫీ ఒకటే తాగండి. నవ్వినోడ్ని నమ్మకండి, నోటితో సెప్పించుకోండి." ఎవరిమీదా నేరం మోపదు. ఏ వీధిలో మెట్టు విరిగి ఉందో దారిన పోయేవాళ్లకు చెప్పినట్టు చెబుతుంది. బోర్డు కింద చీమల బారు ఆమె నోట పెద్దక్షరాలై వినిపిస్తుంది.

రిసార్టు మారలేదు. బోర్డు అలాగే ఉంది. గంప ఖాళీ కాని రోజుల్లో ఆమె ఇప్పటికీ విజయనగరం బస్సెక్కుతుంది, మెట్టు మెట్టుకూ అత్తను తలుచుకుంటూ. ఆదివారాలు మాత్రం మురళీమోహన్ ఇంటికి చేపలకని ఈ మలుపులో బండి ఆపుతాడు. బేరమాడతాడు. తూకం చూస్తాడు. డబ్బిచ్చాక ఒక క్షణం నిలబడతాడు. జగ్గమ్మ అతని సంచీలో కూడా గుప్పెడు కవళ్లు వేస్తుంది. అతను సంచీ మూతి బిగించి బండెక్కుతాడు. ఆమె మళ్లీ కత్తిపీట మీదికి వంగుతుంది.

ఈ సంగతులన్నీ విని, కాగితం మీద రాసుకుని, అరకిలో కోనం కొని, డబ్బిచ్చి లేవబోతున్న మనిషిని జగ్గమ్మ చెయ్యెత్తి ఆపింది. తాటాకు బుట్టలో చెయ్యి పెట్టింది.

"ఆగండి, సంచీ ఇలా పట్టండి. కోనం మీరు కొన్నది. ఈ కవళ్లు నాను ఇచ్చినయి. రాసినకాడ రెండూ కలిపేయకండి."