చేతులు లేని రాక్షసుడు

వైశాఖం, శనివారం. ఊరి జాతరకని హోసూరు హాస్టలు నుంచి మొదటి బస్సుకే బయలుదేరాను. ఉద్దనపల్లి దాటి మా ఊరి స్టాపులో దిగేసరికి ఎదురుగా మా పక్కింటి అత్త ఉంది. ఆకుపచ్చ చీరలో, నిలువెత్తు ఫ్లెక్సు బ్యానరులో, నవ్వుతూ. ఇన్నాళ్ళకు ఈ ఊరు ఆమెను గుర్తించిందనుకుని నేనూ నవ్వాను. ఆ తర్వాత కింది అక్షరాలు చదివాను. కన్నీటి అంజలి అని తమిళంలోనూ తెలుగులోనూ రాసి ఉంది. చావు కబురు నాకు అలా అందింది. అక్షరాల పక్కన, ఆమె ముఖమంత ముఖంతో, దండం పెడుతూ ఫ్లెక్సు షాపు మామ.

పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళాను. అమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"ఫోన్లో ఎట్ల చెప్పేదమ్మా? బస్సులో ఒక్కదానివే ఏడుస్తా వస్తావని చెప్పలేదు. రాత్రి క్రిష్ణగిరి ఆస్పత్రిలో పోయింది."

"యాడుంది ఇప్పుడు?"

"తేలేదు. కాపు కట్టిన ఊరు గదా. ఆస్పత్రి నుంచి అట్లే కాటికి ఎత్తుకోని పోయినారు."

జాతరకు కాపు కట్టిన తర్వాత, అంటే అమ్మవారి పేర కంకణం కట్టి జాతర మొదలుపెట్టాక, ఊళ్ళోకి శవం రాకూడదంటారు మా వైపు. అది నాకు తెలుసు. కానీ తెల్లవారక ముందే ఆస్పత్రికి ఫోను చేసి, ఊరి పొలిమేర దాటి తేవద్దని చెప్పినవాడు ఎవరో తెలిశాక నా ఒళ్ళు మండిపోయింది. జాతర పెద్దమనిషి ఇప్పుడు ఫ్లెక్సు షాపు మామే. ఆమె బొమ్మకు ఊరి మొదట్లో చోటు ఇచ్చాడు. ఆమెకు ఇవ్వలేదు.

ఆమె గురించి ఈ నాలుగు మాటలు కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాయమని అమ్మ అంది. చల్లారితే ఆమె మంచితనం గురించి మాత్రమే రాస్తానని నాకు భయం. ఆమె మంచిదే. కానీ ఆమెకు గొప్ప కోపం కూడా ఉండేది. దాన్ని వదిలేసి రాస్తే ఆమె సగమే మిగులుతుంది.

అత్త రవికలు కుట్టేది. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెవి వెనక ఎప్పుడూ టైలరు సుద్ద ఉండేది. గుడ్డ కత్తిరించే ముందు దాని మీద ఒక ముఖం గీసేది. ముక్కూ మూతీ చూసుకుని, తల ఊపి, ఆ తర్వాతే కొలతలు గీసి కత్తెర పట్టేది. మా వీధి ఆడవాళ్ళ రవికల లోపలి వైపు మొదటి ఉతుకు దాకా ఎవరో ఒకరు నవ్వుతూనో గుర్రుమంటూనో ఉండేవారు. మా అమ్మ వీపు మీద ఒకసారి రేషను అంగడి ఆయన వారం రోజులు ఉన్నాడు.

పోయిన పుష్యమాసంలో నేను సెలవులకు వచ్చినప్పుడు, అప్పటికే నీరసంగా ఉన్న అత్త, అటక మీది గోనెసంచిని దించమంది. అందులో బిస్కెట్ల పెట్టెల అట్టలు. వాళ్ళ నాన్నది ఊళ్ళో చిల్లర అంగడి. చిన్నప్పుడు ఆ అట్టల లోపలి వైపు బొగ్గుతో గీసి, పసుపు, కుంకుమ, బట్టల నీలిమందు రంగులుగా పూసేదట. వసారా నిండా పరిచి, వాటి మధ్య కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"చూడు, వీళ్ళలో ఒక్కరికన్నా చేతులుండాయా?"

చూశాను. గూని రాజు రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాడు. అతని కత్తి నడుములో దోపి ఉంది. గాజులమ్మే ఆమె గాజులన్నీ మెడలో వేసుకుంది. డప్పు కొట్టేవాడికి డప్పు గొంతు దాకా ఉంది. పోలీసు ఒక పొదలో గుండెల వరకు దిగిపోయి ఉన్నాడు.

"పోలీసు పొదలో ఏం చేస్తా ఉండాడత్తా?"

"దొంగ కోసరం కాచుకోనుండాడని అందరికీ చెప్తా ఉంటిని. వాని చేతులు దాచేదానికి ఏసిన పొద అది. నాకు చేతులు రాకపోతే వాడేం చేస్తాడు, పాపం!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. అందరూ ఎడమ వైపుకే చూస్తున్నారేమని అడిగితే, కుడికి తిప్పితే ముక్కు తన మాట వినేది కాదంది. ఒక్కొక్కరినీ చూపించి, వాళ్ళు ఎవరి మీది కోపంతో పుట్టారో చెప్పింది. గూని రాజు, తూకంలో మోసమని వాళ్ళ నాన్నను తిట్టిన ముసలాయన. గాజులామె, జడ లాగి ఏడిపించిన పెద్ద క్లాసు పిల్ల. "కోపముంటే గీత వణకదు" అంది. అది ఆమె తరచుగా అనే మాట.

చివరి అట్ట మీద రాక్షసుడు ఉన్నాడు. వెల్లకిలా పడుకుని, కుండంత పొట్టతో, మెలితిప్పిన మీసంతో. చేతులు మోచేతుల దాకా వచ్చి గడ్డిలో మాయమయ్యాయి. ఆ అట్టను మాత్రం ఆమె నవ్వుతూ చూడలేదు.

మా జాతర చూడని వాళ్ళ కోసం చెప్పాలి. చివరి రోజున గుడి ముందు నేల మీద బురద మట్టితో పెద్ద రాక్షసుడిని పడుకోబెడతారు. చుట్టూ తాడు కడతారు. పూజారి అమ్మవారి కత్తితో వాడి పొట్ట చీల్చేదాకా ఆడవాళ్ళు తాడు దాటకూడదు. చీల్చాక అందరం ఎగబడి ఆ మట్టిని పొలాల్లో చల్లుకోవడానికి తెచ్చుకుంటాం. పూర్వం ఆ బొమ్మ పోయడానికి కల్లావి నుంచి ఒకాయన వచ్చేవాడు. అత్త పదో తరగతిలో ఉన్న ఏడు ఆయన మంచాన పడ్డాడు. అప్పటి పెద్దమనిషి కొడుకు బీడీలకని అంగడికి వచ్చి, ఎండలో ఆరుతున్న రాక్షసుడి అట్ట చూసి, అడగకుండా పట్టుకుపోయాడు. మగవాళ్ళంతా ఆ అట్టను చూసి మట్టి పోశారు. చేతులు అట్టలో లేవు గనుక మట్టిలోనూ రాలేదు. ఇదేమిటని ఎవరో అడిగితే పెద్దమనిషి మైకులో, "అమ్మ చేతిలో ఓడినోనికి చేతులెందుకప్పా?" అన్నాడు. జనం ఈలలు వేశారు. బొమ్మ మావాడే వేశాడని కూడా చెప్పాడు. ఆ ఈలలు వాళ్ళబ్బాయికి దక్కాయి.

మరుసటి ఏటి జాతరకూ అదే అట్ట, ఆ పైన కూడా అదే. బాగా మాసిపోయాక తెచ్చి అంగడి మెట్ల మీద పడేశారు. ఇప్పుడు మా ఊరి రాక్షసుడికి చేతులుండవని చుట్టుపక్కల గొప్పగా చెప్పుకుంటారు. తాతల నాటి ఆచారమంటారు. అబద్ధం. బడికి పోయే ఒక ఆడపిల్లకు చేతులు వేయడం రాక పుట్టిన ఆచారం అది.

"నా తప్పును మగోళ్ళంతా కలిసి మట్టితో పోస్తా ఉంటే, నేను తాడు ఇవతల నిలబడి చూస్తి" అని చెప్పింది అత్త. చేతులు తాను పెడతానని ఒక ఏడు అడిగిందట. "బొమ్మ నీదని ఎవరు చెప్పిరి? పోయి రవికలు కుట్టుకో పోమ్మా" అన్నాడట ఆ పెద్దమనిషి.

అట్ట పట్టుకుపోయిన ఆ కొడుకే హోసూరులో ఫ్లెక్సు షాపు పెట్టాడు. గోడల మీద, బ్యానర్ల మీద ఆయన గీసిన మనుషులందరి చేతులూ పూలబుట్టల వెనకో, ఆవుల వెనకో ఉంటాయి. అది ఆయన స్టైలు అంటారు జనం. అత్త మాత్రం కసిగా నేర్చుకుంది. కత్తెర పట్టిన చేయి, దోసకాయ పట్టిన చేయి, నా జడ అల్లుతున్న అమ్మ చేయి. నేను చిన్నప్పుడు వాళ్ళింట్లో రాగిముద్ద తింటుంటే "మింగొద్దు, అట్లే పట్టుకో" అనేది. ముద్ద చల్లారేది, పులుసు వేళ్ళ మధ్య నుంచి మోచేతి దాకా కారేది, ఆమె గీస్తూనే ఉండేది. "ఉత్త చేయి ఎవరికీ రాదు. అది పట్టుకున్నదాన్ని ముందు వెయ్యి. చేయి దానంతట అదే వచ్చి పట్టుకుంటాది" అని నాకు నేర్పింది. ఇప్పుడు మాటలు పేర్చేటప్పుడు కూడా నాకు ఆ మాటే పనికొస్తోంది. ముందు వస్తువును రాస్తున్నాను, మనసు తర్వాత వచ్చి పట్టుకుంటోంది.

ఫ్లెక్సు షాపు మామ ఆమె దగ్గరికి చాలాసార్లు వచ్చాడు. నేనే చూశాను.

"అక్కా, ఏలు మడిచేది ఎట్ల? ఒక్కసారి చూపించక్కా."

"కాఫీ చల్లారిపోతాదప్పా, తాగు."

ఆయన తాగి వెళ్ళిపోయేవాడు. ఆమె ఆ రోజంతా కుట్టుమిషను మీద పాడుకుంటూ కూర్చునేది. చూపిస్తే ఏం పోతుందని నేను అడిగితే, "వాడు నా పదో తరగతి ఎత్తుకోని పోయినాడు. ఆ పదిలోనే ఉండనీ వాన్ని" అంది. ఆయన కంప్యూటరుతో బొమ్మ చేయిస్తే పెళ్ళికొడుక్కి ఆరు వేళ్ళు వచ్చి గొడవైందని తెలిసిన రోజు మాత్రం, "మిషనుకు కూడా రాలేదంట, పాపం!" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కానీ ఆ నవ్వుతో ఆమెకు ఆకలి తీరలేదు. "ఒక్క ఏడన్నా ఆ రాక్షసునికి చేతులు పెట్టి పోవాల. ఈ జాతరకు నువ్వొక చేయి, నేనొక చేయి. తాడు దాటేద్దాం. ఏం చేస్తారో చూద్దాం" అంది ఆ రోజు అట్టలు సంచిలో సర్దుతూ. ఆ జాతర చివరి రోజు రేపే.

ఈ మధ్యాహ్నం నేను అత్త వాళ్ళ వసారాలో వీధి ఆడవాళ్ళతో కూర్చుని ఉండగా ఆయనే వచ్చాడు.

"ఏమ్మా, ఎప్పుడొస్తివి?"

"నువ్వు బ్యానరు కట్టినంక వస్తిని మామా."

ఆయనకు అది తగల్లేదు. "అక్క దగ్గర పాత అట్టలుండాయి గదా. రాక్షసునిది ఇయ్యి. రేపు క్రిష్ణగిరి నుంచి యూట్యూబు పిల్లోళ్ళు వస్తా ఉండారు. మొదటి బొమ్మ చూపిస్తే వీడియో బాగుంటాది."

"ఎవరు వేసినారని చెప్తావు?"

"చిన్నప్పుడు అందరమూ వేస్తిమి గదమ్మా. అక్క పేరు కూడా చెప్తాలే."

కూడా! మిషను మీద ఉన్న సుద్ద తీసి ఆయన ముందు నేల మీద పెట్టాను.

"ఈడ ఒక చేయి వెయ్యి మామా. అట్ట ఇస్తా."

ఆయన చుట్టూ చూసి నవ్వాడు. ఎదురింటి అవ్వ, "వెయ్యప్పా, ఊరంతా నీ ఫ్లెక్సులే గదా" అంది. కాదనలేక గొంతుక్కూర్చుని గీశాడు. మణికట్టు వచ్చింది. ఆ తర్వాత వేళ్ళకు బదులు అరటిపళ్ళ గెల వచ్చింది. అవ్వ వంగి చూసి, "తినేదా, పట్టుకునేదా?" అని అడిగింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చావు ఇంట్లో నవ్వినందుకు నేను సిగ్గుపడను. అత్త ఉంటే అందరికంటే గట్టిగా నవ్వేది.

ఆయన అరచేత్తో నేల తుడిచేసి లేచాడు. "మన రాక్షసునికి చేతులుండవు. ఆచారం."

"నీ ఆచారం పుట్టింది మీ నాయన మైకులో. కల్లావి ఆయన పోసినప్పుడు పది వేళ్ళూ ఉండె. నా కండ్లతో చూసినా" అంది అవ్వ.

"రేపు చేతులు నేను పెడతాను మామా" అన్నాను.

"తాడు దాటి చూడు. జాతర చెడగొట్టిన ఇల్లని మీ ఇంటికి పేరు పెడతా" అంటూ చెప్పులు వేసుకున్నాడు.

నేను అమ్మ ముఖం చూశాను. భయపడుతుందనుకున్నాను. ఆమె మా ఇంట్లోకి వెళ్ళి, గంప తీసుకుని చెరువు గట్టు వైపు నడిచింది. జిగురు మట్టి తెచ్చింది. అవ్వ దాన్ని నీళ్ళు చల్లి తొక్కి మెత్తగా చేసింది.

ఆయన వయసు పెద్దది, చావు ఇంటికి పలకరించడానికి వచ్చాడు, జాలి చూపాలి కదా అని మీలో ఎవరైనా అంటే, నా దగ్గర అంత జాలి లేదు. ఉన్నదంతా ఊళ్ళోకి రానివ్వని ఆమె కోసం ఖర్చయిపోయింది.

మట్టి ఇప్పుడు మా పెరట్లో తడి గోనె కింద ఉంది. రేపు పొద్దున పూజారి రాకముందు, వీడియో పిల్లలు కెమెరా నిలబెట్టుకున్న తర్వాత, నేనూ అమ్మా అవ్వా గంపలు ఎత్తుకుని వెళ్తాం. దొంగతనంగా కాదు, అందరూ చూస్తుండగానే తాడు దాటుతాం. మేం పెట్టిన చేతులను తీసేయాలంటే ఆయన కెమెరా ముందే, తన చేతులతోనే పగలగొట్టాలి. ఎవరు పెట్టారని ఆ పిల్లలు అడిగితే అత్త పేరు చెపుతాను, ఆమె ఒక్కదాని పేరే. జడ బిగించి అల్లుకోవాలి, పాత చుడీదారు వేసుకోవాలి. రాక్షసుడి కుడి చేతితో మొదలుపెడతాను.